రోడ్డు మీద రాని అతిథులు

ఆల్మీడా క్రౌలీ అత్త డెబ్భై ఏళ్ల బతుకులో నాలుగే నాలుగు అబద్ధాలు ఆడింది. నాలుగూ అచ్చయ్యాయి. వాటివల్ల ఒక మంచిమనిషి ఇల్లూవాకిలీ పోగొట్టుకోబోయాడు. ఆ అబద్ధాలను వెనక్కి తీసుకోవడానికి ఆవిడ తనకున్న ఒక్క ఆస్తినీ వదులుకుంది. ఆవిడ పోయి రెండేళ్లయింది గనక ఇప్పుడు రాయవచ్చు. ఇందులో నా తప్పు కూడా ఉంది. అదీ రాయాలి.

వరసకి ఆవిడ ఎవరికీ అత్త కాదు. అయినా సముద్రం ఒడ్డున ఉన్న మా టింకర్ రేవులో ఆవిడని అత్త అనని నోరు లేదు. భర్త జ్వరంతో పోయిన ఏడు జిల్లా వారపత్రికకి మా ఊరి కబుర్లు రాయడం మొదలుపెట్టింది. ఇరవైరెండేళ్లు ఒక్క గురువారం తప్పకుండా రాసింది. దానికి పత్రిక వాళ్లు ఇచ్చేది ఒక పత్రిక, కాసిని తెల్లకాగితాలు, తపాలా బిళ్లలు. ఎవరింటికి ఎవరు భోజనానికి వెళ్లారు, ఎవరికి రొంప తగ్గింది, ఎవరి పడవకి కొత్త రంగు పడింది - ఇవే ఆవిడ వార్తలు. "ఎబెన్ ఫోస్ గారి ఆవు మంగళవారం ఈనింది. ఇద్దరూ కులాసా" అని రాస్తే, ఆ ఇద్దరూ దూడా తల్లీనా, ఎబెనూ ఆవూనా అని ఊరు వారం రోజులు నవ్వుకుంది. ఎబెన్‌ది ఊళ్లో ఒకే ఒక్క కొట్టు.

చెడు రాసేది కాదు. ఒకసారి ఒక ముసలమ్మ ఎబెన్ కొట్లో గోధుమపిండి చాటున పెట్టుకుపోయింది. అత్త ఏం రాస్తుందా అని ఊరంతా గురువారం కోసం కాచుకుంది. "ఈ వారం ఫలానా అమ్మగారు కాల్చిన రొట్టెలు బాగున్నాయి. మన్నించే గుణమున్న ఇరుగుపొరుగు ఉండటం ఎంత భాగ్యం!" అని వచ్చింది. ఎబెన్ చదివి, గొణుక్కుని, పిండి సంగతి వదిలేశాడు.

ఆవిడకి ఒక నియమం ఉండేది. చలికాలం వెళ్లేలోగా ఊళ్లో ప్రతివాళ్ల పేరూ ఒక్కసారైనా పత్రికలో పడాలి. దానికోసం బైబిలు వెనక అట్టలో పేర్లన్నీ రాసుకుని, అచ్చయిన పేరు పక్కన చిన్న గీత పెట్టుకునేది. ఆ జాబితాలో ఏళ్ల తరబడి గీత పడని పేరు ఒకటుంది. హిన్రిక్ బెంకె.

బెంకె ఓడల వడ్రంగి. జర్మనీవాడు. మా ఊరొచ్చి పదమూడేళ్లయింది. కానీ మా దగ్గర ఇక్కడ పుట్టనివాడు ఇక్కడే చచ్చినా బయటివాడే. గొర్రెల దిబ్బ మీద ఒంటరి ఇంట్లో ఉండేవాడు. దిబ్బకీ ఊరికీ మధ్య గులకరాళ్ల మెరక ఒకటుంది. పోటు వస్తే అది మునిగిపోతుంది, ఆటు వస్తే తేలుతుంది. అతను ఊళ్లోకి వచ్చినా, ఎవరైనా అతని దగ్గరికి వెళ్లినా దాని మీదుగానే. వెళ్లేవాళ్లే లేరు. మాట తక్కువ మనిషి. ప్రార్థన మందిరంలో నేను వాయించే తొక్కుడు హార్మోనియం తిత్తి చిరిగితే, అడక్కుండానే వచ్చి రెండు రోజులు కూచుని బాగుచేశాడు. కాఫీ ఇస్తే, తాగి, కప్పు కడిగి బోర్లించి వెళ్లాడు.

పంతొమ్మిది వందల ముప్ఫై ఎనిమిదో సంవత్సరం ఫిబ్రవరిలో, సముద్రం అంచులు గడ్డకట్టి వార్తలు కరువైనప్పుడు, అత్త ఎబెన్ కొట్లో అతన్ని చూసింది. పొయ్యి పక్కన నిలబడి వారపత్రిక చదువుతున్నాడు. అక్షరాల కింద వేలు పెట్టుకుని మా ఊరి కబుర్లు మొదటినుంచి చివరిదాకా చదివాడు. మళ్లీ మొదటికి వెళ్లి ఇంకోసారి చదివాడు. తర్వాత మడిచి, ఎక్కణ్ణుంచి తీశాడో అక్కడే పెట్టి వెళ్లిపోయాడు.

"తన పేరు వెతుక్కుంటున్నాడనిపించిందే హెప్సీ," అని తర్వాత నాతో చెప్పింది. "పదమూడేళ్లు! నా గుండె నీరైపోయింది."

వార్త రాయాలంటే అతనింటికి ఎవరైనా రావాలి. ఎవరూ రారు. ఆవిడైనా వెళ్లవచ్చు గాని, ఒంటరి మగవాడింటికి విధవరాలు వెళ్లిందని తన వార్త తానే రాసుకోవడం ఎలాగ? ఆ సాయంత్రం పెన్సిలు చెక్కుకుని ఇలా రాసింది:

"గొర్రెల దిబ్బ మీది హిన్రిక్ బెంకె గారింటికి ఆదివారం దూరంనుంచి బంధువులిద్దరు వచ్చి భోజనం చేసి వెళ్లారు. వారిలో చిన్నవారు కుడికాలు కాస్త ఈడ్చి నడుస్తారు. చలి అయినా అందరూ ఆనందంగా గడిపారు."

ఆ కాలు సంగతి ఎందుకు రాసిందో ఆవిడకే తెలీదు. ఒక్క గుర్తు పెడితే నిజంలా ఉంటుందనుకుందిట.

పత్రిక వచ్చిన మర్నాడు బెంకె ఆవిడ గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం గీసుకున్నాడు. టోపీ చేతిలో పట్టుకున్నాడు.

"అమ్మగారూ, చదివాను."

అత్తకి ముచ్చెమటలు పోశాయి. "తప్పయితే మన్నించండి..."

"తప్పు లేదు. చిన్నవారు అని రాశారు. అవును, చిన్నవాడే," అన్నాడు. తనే చేసిన చిన్న కాళ్లపీట ఒకటి గడప దగ్గర పెట్టి వెళ్లిపోయాడు.

మన భాష సరిగా రాదు గదా, థాంక్స్ చెప్పబోయి అలా అన్నాడు కాబోలు అనుకుంది. ఏప్రిల్లో మళ్లీ అతనింటికి అతిథుల్ని పంపింది. జూన్లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి. ప్రతిసారీ గడప దగ్గర ఏదో ఒకటి ఉండేది. బాగుచేసిన కుర్చీ, రొట్టెల చెక్క, ఒకసారి చెక్కతో చెక్కిన సముద్రపు కాకి. నాలుగు వార్తలు, నాలుగు గీతలు. ఊళ్లో ఎవరూ ఏమీ అనుకోలేదు. బయటివాడి చుట్టాల సంగతి ఎవరిక్కావాలి?

ఆ శరదృతువులో న్యూయార్కులో జర్మన్ గూఢచారుల మీద కేసు నడిచింది. పట్నం దినపత్రిక మధ్యాహ్నం తపాలా బండిలో వచ్చేది. ఎబెన్ గల్లాపెట్టె మీద పరిచి పైకి చదివేవాడు. అగ్గిపెట్టెలో దాచిన ఉత్తరాలు, ముసుగేసుకున్న ఆడమనిషి, దొంగపేర్లు. కేసులో సరుకు అయిపోయిన రోజున పత్రికవాళ్లు మన తీరం గురించి రాసేవాళ్లు. మన తీరం పటం వేసి, ఎవరో పొంచి వింటున్నట్టు దాని మీద ఇంత పెద్ద చెవి బొమ్మ గీశారు. ఒకచోట వెలుతురు కనిపించినట్టు 'తెలియవచ్చింది', ఇంకోచోట ఎవరో లోతు కొలుస్తున్నట్టు 'అనుకుంటున్నారు', మరోచోట 'కొట్టిపారేయలేం'. అనుకున్నదెవరో ఎప్పుడూ ఉండేది కాదు. ఎక్కువగా శీర్షిక చివర ఒక ప్రశ్నార్థకం ఉండేది.

"ఎవరు చూశారో లేకుండా వార్త ఏమిటర్రా?" అనేది అత్త. "మా పత్రికలో ప్లమర్ గారైతే తిప్పి పంపేవారు." ప్లమర్ వారపత్రిక సంపాదకుడు.

అలా అన్నప్పుడు ఆవిడ ముఖం ఎర్రబడటం నేను చూశాను. దినపత్రిక మీద కోపం అనుకున్నాను.

పొద్దున లేస్తే మంచు. దారి కానరాని మంచు. మా దగ్గర అక్టోబరు అలాగే ఉంటుంది. రేవు బయట పడవలకి గుర్తుగా తేలే గంట ఒకటుంది, అల ఊపితే మోగుతుంది. చిన్నప్పటినుంచీ వింటున్న గంట. ఆ ఏడు ఎబెన్ చదవడం అయ్యాక ఆ గంట మోగితే అందరం ఒక్కసారి తలుపు వైపు చూసేవాళ్లం.

సరిగ్గా అప్పుడు ఆ దినపత్రిక విలేఖరి స్టోడర్డ్ వచ్చాడు. పాపం, మర్యాదస్తుడే. పల్లెటూరి వారపత్రికలన్నీ చదవడం అతని పనిలో భాగం. అత్త వార్తలు నాలుగూ కత్తిరించి తెచ్చుకున్నాడు.

"ఈ బెంకె గారింటికి వచ్చిన ఇద్దర్నీ మీరెవరైనా చూశారా?" అని కొట్లో అడిగాడు.

"చూడకేం..." అని మొదలుపెట్టి ఎబెన్ ఆగిపోయాడు. "అబ్బే, లేదే!"

"నాలుగుసార్లు వచ్చారుగా. ఏ దారిన?"

"ఉన్నదొకటే రోడ్డు. నా కొట్టు ముందునుంచే పోవాలి. నా కంట పడకుండా పిల్లి కూడా పోదండీ."

"మరి?"

పొయ్యిలో కట్టె చిటపటమంది. రోడ్డు మీద రానివాళ్లు ఎటునుంచి వస్తారు? అందరి మెడలూ మెల్లిగా కిటికీ వైపు, సముద్రం వైపు తిరిగాయి. పదేళ్లుగా అన్నీ చూసే ఎబెన్ కళ్లలో మొదటిసారి భయం చూశాను.

స్టోడర్డ్ అత్త దగ్గరికి వెళ్లాడు. "అమ్మా, వాళ్లని మీరు కళ్లారా చూశారా?"

"బెంకె గారి అతిథుల సంగతి బెంకె గార్నే అడగండి," అంది. అది అబద్ధం కాదు. దాని చెల్లెలు.

అతను మెరక దాటి దిబ్బకి వెళ్లాడు. బెంకె గుమ్మంలోనే నిలబడి జవాబిచ్చాడు.

"మీ ఇంటికి ఇద్దరు వచ్చారటగా?"

"వచ్చారు."

"ఎక్కణ్ణుంచి?"

"సముద్రంనుంచి."

ఇంకేమీ చెప్పలేదు. విలేఖరికి ఇంకేమీ అక్కర్లేకపోయింది.

మొదటిరోజు శీర్షిక: "రోడ్డు మీద రాని అతిథులు?" రెండోరోజు: "'సముద్రంనుంచి వచ్చారు' - జర్మన్ వడ్రంగి." దాని కింద దిబ్బ ఫోటో, ఇంటి మీదకి తెల్లరంగుతో గీసిన బాణం. రోజూ చూసే ఇల్లే. ఆ బాణం పడేసరికి మాకే గుర్తుపట్టలేనట్టయిపోయింది. ఇంటికి రెండే కిటికీలు. ఫోటోలో అవి కళ్లలా ఉన్నాయి.

ఇక చూసినవాళ్లు మొదలయ్యారు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఒకామె బట్టలారేస్తుంటే ఇద్దరు వంగి నడుస్తూ పోయారంది. ఒకతను నీళ్లలో నల్లటి వీపు తేలి మునిగిందన్నాడు. అందరూ చెప్పేది ఒక్కటే. ఇద్దరు, ఒకడు కుంటివాడు.

నేను కూడా చూశాను. శుక్రవారం పొద్దున ఆటు మీద, మంచులో, గవ్వచేపలు తవ్వుకోవడానికి వెళ్లాను. మెరక మీద ఇద్దరు మగవాళ్లు దిబ్బ వైపు పోతున్నారు. ఒకరి వెనక ఒకరు, తొందర లేకుండా. వెనకతని కుడికాలు గులకరాళ్ల మీద ఈడుస్తున్న చప్పుడు విన్నాను. గర్ర్, అడుగు, గర్ర్, అడుగు. మంచు ఒకసారి మూసి తెరిచేసరికి ఎవరూ లేరు. తడి రాళ్ల మీద అడుగులు నిలవవు.

పరుగెత్తుకొచ్చి ఆ మాటే స్టోడర్డ్‌తో చెప్పాను. ఆదివారం బడిలో పిల్లలకి పాఠం చెప్పేదాన్ని, మందిరంలో హార్మోనియం వాయించేదాన్ని, నేను చెబితే నమ్మనిదెవరు? మర్నాటి శీర్షికలో ప్రశ్నార్థకం లేదు.

ఆ శనివారం మా సంఘం పెద్దలు హార్మోనియం విప్పారు, బెంకె బాగుచేసినప్పుడు లోపల వైర్‌లెస్ పెట్టి ఉంటాడని. తిత్తికి వేసిన తోలు అతుకు లోపల పెన్సిలుతో జర్మన్‌లో రెండు వరసలు రాసి ఉన్నాయి. దాన్ని కోసి స్టోడర్డ్‌కి ఇచ్చారు. హార్మోనియం నోరు తెరుచుకుని అలా పడి ఉంది. సోమవారం షెరీఫ్ వస్తున్నాడన్నారు. బెంకెకి పౌరసత్వం కాగితాలు లేవు గనక పట్టుకెళ్లి ఓడెక్కించేస్తారని, దిబ్బ మీద ఇల్లు తగలెయ్యడానికి ఇప్పుడే కిరసనాయిలు సిద్ధంగా ఉందని ఎబెన్ కొట్లో నవ్వుతూ అనుకున్నారు.

ఆ మధ్యాహ్నం అత్త నన్ను పిలిచింది. శనివారం గనక చిక్కుడు గింజలు మట్టికుండలో పొయ్యిలో ఉడుకుతున్నాయి. బల్ల మీద బైబిలు బోర్లా తెరిచి ఉంది, వెనక అట్ట పైకి.

"హెప్సీ, ఆ ఇద్దరూ లేరే," అంది.

"ఏ ఇద్దరు?"

"బెంకె అతిథులు. నేనే పుట్టించాను. అతని పేరు పడాలని." నాలుగు గీతలూ వేలితో చూపించింది.

"అత్తా, నేను చూశాను."

"ఏం చూశావు?"

"ఇద్దర్ని. కాలు ఈడ్చేవాడిని. చప్పుడు విన్నాను."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "నేను కాగితం మీద పుట్టించినవాళ్లని నువ్వు ఎలా చూశావే తల్లీ?"

దానికి జవాబు ఈనాటికీ చెప్పలేను. బయట గంట మోగింది. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం.

కాసేపటికి ఆవిడే అంది: "రేపు మందిరంలో లేచి చెప్పేస్తాను."

"చెబితే ఇక ఎవరూ నీ రాత నమ్మరు. ప్లమర్ గారు తీసేస్తారు."

"తీసేస్తారు." పెన్సిలుని బల్ల మీద అటూ ఇటూ దొర్లించింది. "ఇరవైరెండేళ్లే హెప్సీ. మా ఆయన పోయాక పొద్దున్నే లేవడానికి నాకున్న పని అదొక్కటే. కానీ నా పనికోసం అతను ఇల్లు పోగొట్టుకుంటాడా?"

పది ఆజ్ఞల్లో తొమ్మిదోది, పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం పలకవద్దన్నది, నేను పిల్లలకి ఎన్నిసార్లు వల్లె వేయించానో! ఆవిడ పొరుగువాడి కోసం అబద్ధం ఆడింది. నేను పొరుగువాడి మీద నిజం చెప్పాను. ప్రభువు ఏది ఎలా లెక్క చూస్తాడో అని ఆ రాత్రంతా భయపడ్డాను.

ఆదివారం హార్మోనియం లేకుండానే కీర్తనలు పాడాం. ఎవరికి వాళ్లు లేచి మనసులో మాట చెప్పుకునే సాక్ష్యాల సమయం రాగానే అత్త లేచి నిలబడింది. నెత్తిన నల్లటోపీ, చేతిలో నాలుగు కత్తిరింపులు. ఒక్కొక్కటే చదివి, "ఇది అబద్ధం. నేను కల్పించాను," అంది నాలుగుసార్లు.

ఎబెన్ లేచాడు. "మరి నా ఆవు ఈనడం కూడా కల్పనేనా?"

"కాదు ఎబెన్. అది నువ్వే చెప్పావు."

"ఇరవైరెండేళ్లు మాకు నీతులు చెప్పావు కదే! మరి మా ఆవిడ చూసినవాళ్లెవరు? మేమంతా పిచ్చివాళ్లమా?"

"నాకు తెలీదు."

"తెలీకపోవడమేంటి? వాణ్ణి కాపాడటానికి ఆడుతోంది!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అవునవునని నలుగురు అందుకున్నారు. అదీ విచిత్రం. ఆవిడ అబద్ధం రాసినప్పుడు అందరూ నమ్మారు, నిజం చెబితే ఒక్కరూ నమ్మలేదు. నేను లేవాలి. చూసినదాన్ని చూడలేదని చెప్పలేను. లేచి ఒక్కమాట అన్నాను: "నేను చూసింది మనుషుల్నని ప్రమాణం చేయలేను." కూచున్నాను. ఎబెన్ నావంక చూసి, మెల్లిగా తనూ కూచున్నాడు.

సోమవారం పొద్దున షెరీఫ్ వచ్చాడు. లావుపాటి మనిషి, మోకాళ్ల నొప్పులు. అత్త ఎదురెళ్లి అంతా చెప్పి, "నేనూ వస్తాను," అంది. నన్నూ లాక్కెళ్లింది. స్టోడర్డ్ వెనకే వచ్చాడు. మెరక మీద షెరీఫ్ జారకుండా అత్త చెయ్యి అందించింది.

బెంకె తలుపు తీశాడు. ఇల్లు ఇంత శుభ్రంగా ఉంటుందని నేననుకోలేదు. కిటికీ పక్కన బల్ల. బల్ల మీద మూడు పళ్లేలు, మూడు చెంచాలు, మూడు కప్పులు.

స్టోడర్డ్ నోటుపుస్తకం తీశాడు.

"ఈ రెండు పళ్లేలూ ఎవరికి?" అని షెరీఫ్ అడిగాడు.

"తమ్ముళ్లకి."

"ఎక్కడున్నారు?"

బెంకె గోడ మీద ఫోటో తీసి చేతికిచ్చాడు. ఓడ మీద ఇద్దరు కుర్రాళ్లు నవ్వుతున్నారు. చిన్నవాడు కర్ర ఊతంగా, కుడికాలు పక్కకి పెట్టి నిలబడ్డాడు. వెనక ఏదో రాసి ఉంది. "పంతొమ్మిది వందల పదకొండు. నవంబరు. ఓడతో సహా," అన్నాడు బెంకె.

అత్త కుర్చీ పట్టుకుంది. "నాకు తెలీదు. దేవుడి తోడు, నాకు తెలీదు. కాలు సంగతి ఊరికే..."

"తెలుసు అమ్మగారూ. మీకు ఎలా తెలుస్తుంది? ఇరవయ్యారేళ్లు వాళ్లు రాలేదు. మీరు వచ్చారని రాశారు. ఆ మరుసటి ఆదివారం పళ్లేలు పెట్టాను. వచ్చారు."

అతను పిచ్చివాడిలా అనలేదు. పాలు పొంగాయని చెప్పినట్టు అన్నాడు. షెరీఫ్ చాలాసేపు ఫోటో తిప్పి తిప్పి చూశాడు. స్టోడర్డ్ ఇచ్చిన హార్మోనియం తోలు జేబులోంచి తీశాడు.

"మరి ఇదేమిటి?"

బెంకె ముఖం ఎర్రబడింది. "తోలు దొరకలేదు. నా బూటు కోశాను. దేవుడి మందిరంలో బూటు పెట్టానని... క్షమించమని రాశాను."

షెరీఫ్ నవ్వలేదు. తోలుముక్కని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "చచ్చిపోయినవాళ్లకి అన్నం పెట్టకూడదని మా చట్టంలో ఎక్కడా లేదు," అన్నాడు. "కాగితాలు రాయించుకో. ఎలాగో ఆ కొట్టువాడు చెబుతాడు." స్టోడర్డ్ వైపు తిరిగి, "నువ్వేం రాస్తావు?" అన్నాడు.

స్టోడర్డ్ టోపీ తీసి పట్టుకున్నాడు. "ఇది వార్త కాదండీ," అన్నాడు మెల్లిగా. పదకొండో పేజీలో నాలుగు వరసలు వచ్చింది, షెరీఫ్ విచారణలో అభ్యంతరకరమైనదేదీ బయటపడలేదని. చెవి బొమ్మ ఆ వారం ఇంకో ఊరి మీదకి వెళ్లింది.

ప్లమర్ గారి ఉత్తరం బుధవారం వచ్చింది. మర్యాదగానే రాశారు. ఒక్క వారం, చివరిసారి, సెలవు చెప్పడానికి చోటిస్తానన్నారు. అత్త దాన్ని మడిచి బైబిలులో పెట్టుకుంది. కళ్లు తుడుచుకోలేదు. లేచి, పొయ్యి మీద నీళ్లు పెట్టింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ చూస్తుండగా, ఆటు మీద మేమిద్దరం దిబ్బకి భోజనానికి వెళ్లాం. ఎబెన్ గుమ్మంలోంచి, "అత్తా, ఇదిగో," అని ఉప్పుచేప పొట్లం ఒకటి చేతిలో పెట్టాడు. ఎవరికని చెప్పలేదు. పొట్లంలో పౌరసత్వం దరఖాస్తు కాగితం కూడా ఉంది.

బెంకె అయిదు పళ్లేలు పెట్టాడు. అత్త ప్రార్థన చేసింది. చేపల పులుసు తిన్నాం. మంచు కిటికీల దాకా వచ్చింది. రెండు పళ్లేలు ఖాళీగా ఉన్నాయి. ఎవరమూ వాటివైపు చూడలేదు. అప్పుడు బయట గులకరాళ్ల మీద ఆ చప్పుడు. గర్ర్, అడుగు. గర్ర్, అడుగు. పోటు రాళ్లని ఈడ్చినా అలాగే వినిపిస్తుంది. అది పోటు వేళే. బెంకె లేచి తలుపు తీశాడు. మంచు లోపలికి వచ్చింది. అతను కాసేపు తలుపు పట్టుకుని నిలబడి, ఎవరికో దారి ఇచ్చినట్టు పక్కకి జరిగి, తలుపు మూశాడు.

"చలి," అన్నాడు, కూచుంటూ.

సాయంత్రం ఇంట్లో అత్త తన చివరి కబుర్లు రాసింది. నాలుగు అబద్ధాలనూ తేదీలతో సహా ఒప్పుకుని, కింద ఇలా చేర్చింది: "ఆదివారం హిన్రిక్ బెంకె గారింటికి ఆల్మీడా క్రౌలీ, హెప్సీ కార్వర్ వెళ్లి భోజనం చేశారు. చేపల పులుసు రుచిగా ఉంది." బైబిలు అట్టలో అయిదో గీత పెట్టింది. పెన్సిలు ఇంకా కాగితం మీదే ఉంది.

"మరి ఆ ఇద్దరూ?" అన్నాను.

"నేను చూడలేదు. చూసిందే రాస్తాను ఇక." పెన్సిలు తీసి నా వైపు తోసింది. "నువ్వు చూశావుగా. నువ్వు రాసుకో."

ఇదిగో, రాశాను.